నేను పిలవలేదు

దయ్యాల మాట ఎత్తితే నవ్వేసేదాన్ని. రిటైరయ్యేదాకా పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పినదాన్ని. మా ఇంట్లో ప్రార్థన ఉంది గానీ ఇలాంటి భయాలు లేవు. ఇప్పుడు చెప్పబోయేదాన్ని కూడా దయ్యం అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను, అంతే.

కొవ్వూరులో మా చర్చి వెనక వీధిలో ఒక డాక్టరు గారి పాత ఆసుపత్రి ఉంది. ఆయన పోయాక చాలాకాలం తాళం వేసే ఉంది. పింఛను ఆగినా, పొలం తగాదా వచ్చినా, ఇంట్లో మొగుడు కొట్టినా ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పే సలహా కేంద్రం పెడతామని అడిగితే, ఆయన కూతురు మారుమాట లేకుండా తాళాలు చేతిలో పెట్టారు.

నేనూ, కోర్టులో గుమాస్తాగా చేసిన విజయా దగ్గరుండి బాగు చేయించాం. రోగుల్ని పడుకోబెట్టే బల్ల తీయించాం. వాష్‌బేసిన్ పీకించాం. గోడలకు సున్నం వేయించాం. అయినా లోపలి గదిలో స్పిరిటు వాసన పోలేదు. డాక్టరు గారు కూర్చున్న చోటే నా కుర్చీ వేసుకున్నాను. వచ్చినవాళ్లను విజయ వరండాలో బెంచీల మీద కూర్చోబెట్టేది. మధ్యలో తలుపు తీసే ఉంచి కర్టెన్ కట్టాం.

మొదటి వారంలోనే ఒక ముసలాయన వరస తప్పి లోపలికి వచ్చేశాడు.

“మీ వంతు ఇంకా రాలేదండీ” అన్నాను.

“అదేంటండీ, పిలిచారు కదా!”

చెవుడేమో అనుకున్నాను. మర్నాడు ఒక నిండు చూలాలు వచ్చింది. ఆ తర్వాత జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న ఒకావిడ. అందరిదీ అదే మాట, పిలిచారు కదండీ అని. చివరికి విజయను అడిగాను.

“నాకూ వినపడుతోందక్కా. మగ గొంతు. మీరు ఫోను స్పీకర్లో పెట్టి మాట్లాడుతున్నారేమో అనుకున్నా.”

“ఏమంటోంది?”

“నువ్వు ముందు రామ్మా, అని.”

గదిలో ఉండేది నేనొక్కదాన్నే. నాకు ఒక్కసారీ ఏమీ వినపడలేదు. మాది రావులపాలెం. రిటైరయ్యాకే ఈ ఊరు వచ్చాం. డాక్టరు గారిని నేను చూసింది లేదు, ఆయన గొంతు విన్నది లేదు. ఆ రోజు నుంచి కుర్చీని గోడకు జరుపుకుని, వీపు ఆనించి కూర్చునేదాన్ని. వెనక ఎవరూ నిలబడే చోటు ఉండకూడదని.

ఒక మధ్యాహ్నం ఈదురుగాలితో వాన మొదలైంది. వరండా నిండా జనం. నేను ఎవరిదో పింఛను కాగితం చదువుతున్నాను. ఉన్నట్టుండి చంకలో పాపతో ఒక అమ్మాయి పరుగున లోపలికి వచ్చి, తలుపు మూసి గడియ పెట్టింది.

“ఏంటమ్మా, తలుపెందుకు వేశావు?”

“పెద్దాయన గడియేసుకోమన్నారు కదండీ” అంటూ గది నాలుగు మూలలా చూసింది. “ఏరండీ ఆయన?”

నేను జవాబు చెప్పేలోపే తలుపు మీద దెబ్బ పడింది. మళ్లీ ఇంకోటి. చెక్క చీలి, కొబ్బరి బోండాలు కొట్టే కత్తి మొన ఇవతలికి వచ్చింది. బయట ఆమె మొగుడు బూతులు తిడుతున్నాడు. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. నేను రాసుకునే బల్లను తలుపుకు అడ్డంగా నెట్టి, ఒక చేత్తో దాన్ని అదిమిపట్టి, రెండో చేత్తో పోలీసులకు ఫోను చేశాను. ఈలోపు బెంచీల మీదున్నవాళ్లు వాడి మీద పడి పట్టుకున్నారు. పోలీసులు వచ్చేదాకా తలుపు తీయలేదు.

ఆ అమ్మాయి కూర్చున్నది మెట్ల పక్కన, అన్నిటికంటే చివరి బెంచీలో. వాడు గేటు దాటితే మొదట కనపడేది ఆమే. ఇప్పుడు పాపతో రాజమండ్రిలో వాళ్లమ్మ దగ్గర ఉంటోంది. కేసు నడుస్తోంది.

తర్వాత కొన్నాళ్లు విజయ నాతో సరిగ్గా మాట్లాడలేదు. భయపడిపోయిందిలే అనుకున్నాను. ఒకరోజు తాళం వేస్తుండగా తనే చెప్పింది.

“ఆవేళ గాలికి కర్టెన్ పక్కకి పోయిందక్కా. పిలిచింది మీరే. మీ పెదాలు కదలడం నేను చూశాను. గొంతే మీది కాదు.”

నేను కాగితం చదువుతున్నాను. నోరు విప్పలేదు. అంతవరకే నాకు తెలుసు.