మా నాన్న పేరులో ఒక్క అక్షరం

తమిళం మాట్లాడే లాస్‌పేటలో బడిపిల్లల వ్యాను నడిపే నేను పోయిన ఏడాది లైసెన్సు పునరుద్ధరణకు వెళితే, పాత చలానాలు తీరలేదు, కుదరదన్నారు. అవి నా పేరే ఉన్న మరొకరివి. మా ఊరి అలవాటు ప్రకారం నా లైసెన్సులో ఇంటిపేరు ఉండదు, నాన్న పేరు మొదటి అక్షరం ఒక్కటే. గ్రంథాలయంలో మోటారు వాహనాల చట్టం చదువుకున్న ధైర్యంతో, తెలుగు తెలిసిన గుమాస్తాకు సెక్షన్లు ఏకరువు పెట్టాను.

"సట్టమంతా సరేన్నా. ఎం. శేఖర్ నువ్వేగదా?"

"నా ఎం అంటే మునెయ్య సార్! ఆ చలానాలాయన ఎవరో నాకేం తెలుసు?"

"కంప్యూటర్‌లో వట్టి ఎమ్మే ఉండాది. మీ నాయన్ని పిల్చుకోని రా, సెప్పమను."

"ఆయన పోయి శానా ఏండ్లాయె సార్."

"అట్లైతే ఆ ఇంకో శేఖర్ని పిల్చుకోని రా."

తాళం జేబులోనే ఉన్నా వ్యాను నడపలేక కాలినడకన ఇంటికొచ్చాను. చదివిన సెక్షన్లన్నీ నోటికొచ్చు. ఆ అక్షరం మా నాన్నేనని చెప్పే సెక్షన్ మాత్రం ఇంకా దొరకలేదు.