తలుపు మీద బోర్డు

ప్రొద్దుటూరులో నేను నర్సుగా పనిచేసే చిన్న ఆసుపత్రికి జమ్మలమడుగు నుంచి మగ్గం నేసే ఒక పెద్దాయన కాలి పుండుకు కట్టు మార్పించుకోవడానికి వచ్చేవాడు. షుగరు వల్ల ఆయన పాదాలకు స్పర్శ పోయింది. ఇంట్లో కూడా చెప్పులు విడవొద్దని వచ్చినప్పుడల్లా చెప్పి పంపేదాన్ని.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం చూస్తే, బాగున్న రెండో కాలి అడుగున పోయినసారి లేని బొబ్బ!

"చెప్పులు యాడప్పా?" అని కసిరాను.

"బయట ఇడిసినా. నువ్వేమో ఇడ్సొద్దంటావు, తలుపు మింద బోర్డేమో ఇడ్సమంటాది. ఎవురి మాట ఇనాలమ్మా?"

వెటకారం కాదు, నిజంగానే తెలియక అడిగాడు. రోజూ ఆ తలుపు తీసి మూసేది నేనే. డాక్టరునడగాలా, బోర్డు పీకేయాలా? ముందు ఆయన చెప్పులు తెద్దామని బయటికి నడిచాను. మెట్ల అవతల, నా చెప్పుల పక్కనే ఉన్నాయవి. కాగిన కడప బండ మీద కాలు పడగానే "అమ్మా!" అని అరిచి వెనక్కి గెంతాను.

లోపల్నుంచి పెద్దాయన కంగారుగా అడిగాడు.

"ఏమైందమ్మా, ముల్లు గుచ్చుకునిందా?"