సులోచనమ్మ పొట్టి కుర్చీ

పిల్లల కేసుల్లో ప్రొబేషన్ నిబంధనలు మారినప్పటినుంచీ ప్రతి శనివారం మధ్యాహ్నం ఆదోనిలో కుర్ర లాయర్లకు వాటిని నేర్పుతోంది లాయరు సులోచనమ్మ. రాగానే కొంగు నడుముకు దోపి, ఓ పొట్టి కుర్చీని గది మధ్యకు జరుపుతుంది. దానిమీద ఎవరినీ కూర్చోనివ్వదు. ప్రొబేషన్ మీద విడుదలయ్యే పిల్లవాడు అందులో ఉన్నాడనుకుని, షరతులన్నీ వాడికి చెప్పాలి. చెప్పడం అయ్యాక ఆమె కళ్లద్దాలు తీసి, కుర్చీవైపు చెవి ఒగ్గుతుంది. అప్పుడు ఫ్యాను చప్పుడు కూడా తగ్గినట్టుంటుంది.

ఆ శనివారం ఎమ్మిగనూరు నుంచి వచ్చిన తన్వీర్ కొత్త షరతులు గడగడా చదివేశాడు. ఆమె చెవి ఒగ్గింది. "అర్థం కాలేదంటాండాడప్పా," అంది. ఎవరో నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఊరుకున్నారు. తన్వీర్ కుర్చీ ముందు గొంతుక్కూర్చున్నాడు. "సోమవారం సోమవారం ఆఫీసరు సారు కాడికి పోవాల. మీవాళ్లు సుగ్గికని ఊరిడిసి మిరపకాయలు కోయను కూలికి పోతే, ముందు ఆయప్పకు సెప్పినాకనే నువ్వు పోవాల. సెప్పకుండా పోతే మళ్లా లోపలేస్తారు. తెలిసిందా?"

కుర్చీ అల్లిక కిర్రుమంది. "తల ఊపినాడు మేడం," అన్నాడు తన్వీర్, తనకు తెలియకుండానే.

సులోచనమ్మ ఆశ్చర్యపోలేదు. "పదేండ్ల కిందట ఈ కుర్చీలోనే కూసోని నా కాడ గూడా ఊపినాడప్పా ఈ పిల్లోడు. ఊపి, ఆ వారమే సుగ్గికి పోయినాడు. పట్టకొచ్చి లోపలేస్తే, ప్రాణంతో బయటికి రాలేదు. తల ఊపితే సాలదు. వాని నోటితోనే సెప్పించు."

తన్వీర్ ఇంకాస్త ముందుకు జరిగి, చెవి ఒగ్గాడు.