మా తల్లిచెట్టు మోసినది

మొన్న జ్వరమని రాజమండ్రి ఆసుపత్రికి వెళితే, ముక్కులో పుల్ల తిప్పి పీసీఆర్ పరీక్షకు పంపుతామన్నారు. "ఆ పరీక్ష సంగతి నాకు చెప్పకమ్మా, బత్తాయి చెట్టులో లోకానికి తెలియని వైరస్‌ను పట్టింది నేనే" అన్నాను నర్సుతో. ఆవిడ నా జ్వరం ఇంకోసారి చూసింది.

నిజానికి నేను పట్టింది ఐసుపెట్టె. తొంభైల చివర్లో పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన అమ్మాయి అదే పరీక్షకని మా నర్సరీలో ఆకులు కోస్తుంటే, ఆ పెట్టె మోశాను. మా తల్లిచెట్టుకు చుట్టుపక్కల పెద్ద పేరు. దాని కొమ్మ నుంచి కన్ను తీసి, చిన్న మొక్క బెరడులో చొప్పించి కడితే అదే తీపి వచ్చేది. చుట్టాలను ఆ అంటుమొక్క చేతిలో పెట్టకుండా పంపడం మా ఇంటావంటా లేదు. పిఠాపురం మెట్టలో మా అక్కకైతే ఎకరం నిండా కట్టిచ్చాను. బావ పోయాక ఆవిడకు ఆ తోటే ఆధారం. మూడో ఏడు, కాపుకు రాకముందే, చెట్లు కొమ్మల చివర్ల నుంచి కిందికి ఎండుతూ వచ్చాయి. నీటిని, ఎరువును, నరదిష్టిని అనుమానించాం. నిండా కాయలతో నవనవలాడుతున్న నా చెట్టును మాత్రం, ఆ అమ్మాయి వచ్చి రెండుచోట్లా ఆకులు కోసేదాకా, ఎవరూ అనుమానించలేదు.

కొన్ని నెలలకు ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఈసారి పెట్టె లేదు.

"బాబాయిగారూ, మీ చెట్టులోనూ అక్కగారి తోటలోనూ ఒకటే వైరస్ అండి. దాని జన్యువులు వరసగా చదివాం. తెలిసినవాటిలో దేనితోనూ సరిపోలేదు. కొత్తది."

నేను మీసం దువ్వాను. "అయితే దానికి నా పేరు పెడతారా?"

ఆవిడ నవ్వలేదు. "మీ చెట్టు దాన్ని మోస్తుందండి, చావదు. దాని కన్ను కట్టిన మొక్కలే పోతాయి. ఎవరెవరికి ఇచ్చారు?"

చెప్పడం మొదలుపెట్టాను. ఊళ్ళు అయిపోవడం లేదు. ఆవిడ రాస్తూనే ఉంది. కాగితం తిప్పింది.

అక్క తోట పీకించి తగలబెట్టించాం. పచ్చికొమ్మలు తొందరగా అంటుకోవు. రెండు రోజులు పొగ.

ఇంతవరకూ రాసి, "తెలియక చేసిన తప్పును కాలమే మాన్పుతుంది" అని ముగించి, నిన్న అక్కకు చదివి వినిపించాను.

"తెలియక ఏంట్రా? కన్నులు తీసిన రోజే ఆ కొమ్మ ఆకును ఎండకు పట్టి మచ్చలు చూపించాను. 'ఊరుకో అక్కా, ఎవరైనా వింటే మొక్కలు కొనరు' అన్నావు. కాలం మాన్పిందో లేదో నన్నడిగి రాయి. తోట నాది."