ఎలుకలు కొరికిన కేబులు

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేశానని అందరికీ చెబుతుంటాను. మా అయ్యవారిని అడిగితే మాత్రం, బడే వాణ్ణి మానేసింది అంటాడు. ఆయన మాటే నిజం. అలాంటి నేను పోయిన నెల ఎమ్మిగనూరులో రోడ్డు పక్క గుంతలో కూర్చొని ఒక పాత చీటీని మూడుసార్లు చదివాను. అందులో ఉన్నవి నాలుగు ముక్కలే. మూడోసారికి అక్షరాలు అలుక్కుపోయాయి. చీటీ తడవలేదు, తడిసినవి నా కళ్లు.

సర్కారు టెలిఫోన్ కంపెనీ తన పాత రాగి కేబుళ్లను భూమిలోంచి లాగించి అమ్మేస్తోంది. ఆ పనిని గుత్తకు తీసుకున్నది ఫైబరు వేసే మా కాంట్రాక్టరే, ఆయన దగ్గర నేను మేస్త్రీని. నేతగాళ్ల కాలనీ దగ్గర ఒక జాయింటు మీది నల్లటి తొడుగును కోయగానే జిడ్డు వాసన గుప్పుమంది. తీగల్లోకి నీళ్లు దిగకుండా కేబులు నిండా నింపే జిడ్డు అది. కిరసనాయిలుతో కడిగినా రెండు రోజులు చేతిని వదలదు, అన్నం కలిపినా అదే వాసన. ఆ వాసనతో పాటే దానమయ్యన్న వచ్చి నా పక్కన కూర్చున్నట్టయింది.

దానమయ్యన్న ఆ సర్కారు కంపెనీకి ఆదోనిలో కేబుల్ జాయింటరు, ఎమ్మిగనూరు లైన్లూ ఆయనే చూసేవాడు. తెగిన తీగలను జతకు జత కలిపి మళ్లీ మాట పారించడం ఆయన పని. గుంతలు తవ్వే కూలీగా నేను ఆయన దగ్గర చేరాను. మొదటి రోజే అడిగాడు, "రంగులు తెలుసునా?" అని.

"తెలుసన్నా, హోళీకి పూసుకుంటాం గదా."

"పూసుకునేటివి కాదప్పా, గుర్తుపెట్టుకునేటివి. తెలుపూ నీలం, తెలుపూ నారింజ, తెలుపూ పచ్చ. జత తప్పితే పత్తి సేటుకు రావల్సిన ఫోను బియ్యం సేటుకు పోతాది. ఇద్దరూ కల్సి నిన్ను తంతారు."

ఎక్కాలు రాని నాకు ఆ రంగుల వరుస నెలలో నోటికొచ్చింది. ఆయన తన్నలేదు, తిట్టలేదు. తప్పు కలిపితే తీగ విప్పి మళ్లీ నా చేతికే ఇచ్చేవాడు, అంతే. ఫోను బాగుచేశాక ఆ ఇంటివాళ్లు ఎవరితోనైనా ఒక మాట మాట్లాడితే తప్ప గడప దిగేవాడు కాదు. ఇక జాయింటు మూసేముందు ఒక చీటీ మీద ఏ రోజు, ఎన్ని జతలు, ఎందుకు తెగింది, ఎవరు కలిపారు అని పెన్సిలుతో రాసి, ప్లాస్టిక్ కవరులో చుట్టి లోపల పెట్టేవాడు.

"ఎవరు చదువుతారన్నా దాన్ని, వానపాములా?" అన్నాను ఒకసారి.

"మన తర్వాత తెరిచేటోడు చదువుతాడు. వానికి మనం యాడ దొరుకుతాము? చీటీతోనే మాట్లాడల్ల."

నేను చేరేనాటికే ఆయన కంపెనీకి మంచిరోజులు అయిపోయాయి. పత్తి మార్కెట్‌లో ఒకప్పుడు ఒక్కో అంగడికి రెండు మూడు ఫోన్లుండేవట. నేను చూసింది వాటిని తిరిగి ఇచ్చేసే వరుసనే. రిటైరైనవాళ్ల కుర్చీల్లోకి కొత్తవాళ్లు రాలేదు. ఏ సామాను కావాలన్నా కాగితం కర్నూలుకు పోయి, అక్కడి నుంచి ఇంకా పైకి పోయి వచ్చేలోపల గిరాకీ ప్రైవేటు వాళ్ల సిమ్ము వేసుకొని కూర్చునేవాడు. టవర్ల కింద బ్యాటరీలు ముసలివైపోయాయి. ఒకరోజు ఒక పత్తి దళారీ నడిబజారులో ఆయన్ను నిలబెట్టి అడిగాడు, "ఏమప్పా దానమయ్యా, కరెంటు పోతే మా ఇంట్లో బల్బూ మీ టవరూ ఒగేసారి ఆరిపోతాయి. రెండింటికీ ఒగటే స్విచ్చి పెట్టినారా?" చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. దానమయ్యన్న తలొంచుకొని నిచ్చెన భుజాన వేసుకున్నాడు.

తిరిగొచ్చిన ఫోన్లు ఎక్స్‌ఛేంజి వరండాలో కుప్పపడి ఉండేవి. ఆయన తీరికైనప్పుడల్లా ఒక్కొక్కదాన్ని గుడ్డతో తుడిచి గోడవారన పేర్చేవాడు. "పెండ్లిచూపులకు తయారు చేస్తాండావా అన్నా?" అన్నాను.

"సాగనంపేటప్పుడు గూడా మొగం కడుగుతారు గదప్పా," అన్నాడు. ఆ రోజు నాకు ఇంకో జోకు రాలేదు.

తర్వాత నేను ప్రైవేటు ఇంటర్నెట్ కంపెనీకి ఫైబరు వేసే కాంట్రాక్టరు దగ్గర చేరాను. చెప్పడానికి సిగ్గుపడుతుంటే దానమయ్యన్నే అన్నాడు, "పో బిడ్డా, పిల్లలున్నోడివి. తవ్వేముందు మాత్రం కింద ఏముందో చూసుకో." ఎమ్మిగనూరులో పాత కేబులు ఎక్కడెక్కడ పోతోందో చూపే సరైన పటం ఆఫీసులో లేదు. అది ఆయన తలలో ఉండేది. అడుగులు వేయించి వేయించి నా తలలోకీ ఎక్కించాడు.

రెండేళ్లకు నేతగాళ్ల కాలనీ రోడ్డులో జేసీబీ దించాము. "కింద ఏమన్నా ఉందా అన్నా?" అని డ్రైవరు అడిగాడు. రోడ్డంచు నుంచి నాలుగడుగుల్లో రాగి కేబులు ఉందని నాకు తెలుసు. పక్కకు జరిగి తవ్వితే ఇంకో రోజు పడుతుంది. "ఉన్నా సచ్చిన కేబులే, లాగు," అన్నాను. బకెట్టు పళ్లకు రంగురంగుల తీగలు పేగుల్లాగా వేలాడుతూ వచ్చాయి. మట్టి కప్పి ముందుకు పోయాము.

అది చచ్చిన కేబులు కాదు. పదకొండు లైన్లు ఆడుతున్నాయి దాని మీద. ఒకటి ఆరోగ్య కేంద్రానిది. ఆ మందపాటి గోడల మధ్య సెల్లు పనిచేయదు, అంబులెన్సును పిలవాలన్నా నర్సమ్మకు ఆ ఫోనే దిక్కు.

మర్నాడు దానమయ్యన్న మా ఇంటికి వచ్చాడు. అందరితో పాటు ఆయనా స్వచ్ఛంద విరమణ తీసుకున్నాడు, ఉద్యోగంలో అదే ఆఖరి వారం. "పదకొండు లైన్లకు ఎందుకు తిప్పలు, ఫోన్లు మాకొద్దని వాళ్లతో సరెండర్ రాయించుకో అంటాండాడు మా సారు. శుక్రారం దాకా నేను ఉండాను గద సార్ అని వచ్చినా. నా వెనక జాయింటు ఏసేటోడు ల్యాడు. ఈ మూడు దినాల్లో కలిపితే కలిసినట్లు, ల్యాకుంటే ఇంగ ఎప్పటికీ ల్యాదు. హెల్పర్లు ఎవరూ ల్యారు. వస్తావా?"

వెళ్లాను. మూడు రోజులు ఆయన గుంతలో, నేను గట్టున గొడుగు పట్టుకొని. ఎండకు జిడ్డు కరిగి ఆయన మోచేతుల దాకా కారింది. ఎవరు కోశారని అడుగుతాడేమోనని ప్రతి క్షణం బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాను. రిపోర్టులో మా పేరు రాస్తే కేసు అవుతుంది, నా పని పోతుంది. ఆయన అడగలేదు. శుక్రవారం మధ్యాహ్నం నర్సమ్మ ఫోనెత్తి ఇంట్లో మొగుణ్ణి కూరగాయలు తేలేదని తిట్టింది. "తిట్టు అవతలికి పోయిందంటే లైను బాగుండాదన్నట్లే," అని దానమయ్యన్న గడప దిగాడు. గుంత దగ్గరికొచ్చి, నావైపు వీపు పెట్టి చీటీ రాసి, లోపల పెట్టి, తొడుగును మంటతో వేడిచేసి బిగించాడు. సాయంత్రం ఆఫీసులో పనిముట్లు అప్పగించి ఇంటికి పోయాడు.

ఆ లైన్లు ఎన్నాళ్లు బతికాయి? ఏడాది. ఒక్కొక్కరే ఫోన్లు తిరిగి ఇచ్చేశారు. ఆఖరున ఆరోగ్య కేంద్రానికీ ఫైబరు వచ్చింది. వేసింది మేమే.

ఆ జాయింటునే పోయిన నెల నా చేతులతో కోశాను. చీటీ చెక్కుచెదరలేదు. తేదీ, జతల లెక్క, ఆ కింద: "తెగిన కారణం: ఎలుకలు. కలిపినవారు: దానమయ్య, ఈరన్న." ఈరన్నంటే నేను. జేసీబీ పళ్లకు జానెడు వెడల్పున చీలిపోయిన కేబులును ఎలుకలు కొరికాయని రాశాడు, అబద్ధమంటే ఆమడ దూరం పోయే మనిషి. కోసినవాడి పేరును కలిపినవాళ్లలో చేర్చాడు.

ఇప్పుడు మా ఫైబరు పెట్టెల్లో నేనూ చీటీలు పెడుతున్నాను. నా అక్షరాలన్నీ గుండ్రాలూ వంకర్లూ; కుర్రాళ్లు నవ్వుతారు. కారణం దగ్గర మాత్రం ఉన్నదున్నట్టు రాస్తాను, తప్పు నాదైతే నా పేరే. దానమయ్యన్న చీటీ నా చొక్కా జేబులోనే ఉంది. ఆదివారం చర్చిలో ఆయన ప్రార్థన అయ్యాక ఆదోనిలో ఆయన ఇంటికి పోయి ఇవ్వబోతే తీసుకోలేదు. లైన్లు విని విని ఆయనకు ఒక చెవి పూర్తిగా పోయింది. రెండో చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పాను, "అన్నా, ఆ ఎలుకను నేనే."

"తెలుసులే."

"ఎవరు సెప్పినారన్నా?"

"ఒగరు సెప్పల్లనా? మూడు దినాలు గొడుగు పట్టుకోని నిలబడి ఒక్క జోకన్నా ఎయ్యకపోతివి గదరా."