గట్టు మీద నిలబడిన జయరాముడు

పెనుకొండలో జయరాముడి రేకుల అంగడి ముందు పొద్దు వాలితే చాలు నలుగురు కూడేవాళ్లు. డబ్బాకు మాటు వేయించుకునే పని ఉన్నా లేకున్నా విమానం ముచ్చట వినాల. హిందూపురం చుట్టాలు కూడా రైలు దిగి నేరుగా ఆడికే వచ్చేవాళ్లు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అతను బెంగళూరు విమానాల కార్ఖానాలో కూలి. నీళ్ల మీదా నేల మీదా దిగే మిలిటరీ విమానాలు ఆడికి రిపేరుకు వచ్చేవి. పైన రెక్కలు, కింద పడవలాంటి కడుపు, దానికే చక్రాలు. ఆ కడుపుకు పట్టిన ఉప్పూ పాచీ గీకేది జయరాముడి పని. పసిఫిక్ సముద్రంలో విమానాలు కూలి సిపాయిలు రబ్బరు తెప్పల మీద తేలుతుంటే, ఇవి పోయి అలల మీద వాలి వాళ్లను లోపలికి లాక్కునేవంట. మేస్త్రీ చెప్పగా విన్నాడు.

మొదట్లో విన్నది విన్నట్టే చెప్పినాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఒకనాడు నోరు జారి, ఆ విమానంలో తానూ పోయి సిపాయిలను లాగినానన్నాడు. అంతే, పీట వేసినారు, కాఫీ తెప్పించినారు. ఇంక వెనక్కి పోయే దారి లేకపోయింది.

వానలకు బావులు నిండిన ఏడు, వీధి చివర దిగుడుబావిలో ఆ వీధి ఆదెమ్మ కాలుజారి పడింది. గట్టు మీదున్న హనుమమ్మ దూకేదానికి అప్పుడే చెంగు బిగించింది. రైతుల ఇంటి ఆడది, చిన్ననాడే మునగకుండా నడుముకు కిత్తలి బెండు కట్టుకుని బావిలో ఈత నేర్చింది. చుట్టూ చేరినవాళ్లు ఆమెను చెయ్యి పట్టి ఆపినారు.

"నువ్వుండుమ్మా, జయరాముడు వస్తాండాడు. సముద్రంలో నుంచే మనుషుల్ని తీసినోడు."

అతనికి దోవ ఇచ్చినారు. అంగీ విప్పినాడు. నీళ్ల మీద ఆదెమ్మ చెయ్యి ఒకటే కనిపిస్తోంది. కాళ్లు రాతికి అతుక్కుపోయినాయి.

"నాకు ఈత రాదు," అన్నాడు.

ఎవరికీ సరిగా వినపడలేదు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అంతలో హనుమమ్మ చెయ్యి విదిలించుకుని దూకి, కొప్పు పట్టి ఆదెమ్మను మెట్ల మీదికి లాగింది. కడుపు నొక్కి నీళ్లు కక్కిస్తే గానీ ఊపిరి తిరగలేదు.

ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. హనుమమ్మను ఆపింది తామే కదా, వాళ్ల మొహాలూ చెల్లలేదు. అంగడి ముందు పీట ఖాళీగా ఉండిపోయింది.

తనను తీసింది ఎవరో ఆదెమ్మకు ఎవరూ చెప్పలేదు. ఒళ్లు కుదుటపడినాక ఆమె జయరాముడికి చేట నిండా చెనిక్కాయలు తెచ్చింది.

"మునిగేటప్పుడు నీ పేరే వినపడిందబ్బా. నీ చేతులు సల్లగుండ."

తీసుకుని ఊరుకుంటే సరిపోయేది. జయరాముడు తల ఎత్తలేకపోయినాడు.

"అవి హనుమమ్మకు ఇయ్యమ్మా. నేను గట్టు మీదే నిలబడినా. నన్ను నమ్మి ఆమెను ఆపినారు, నీ పానం మీదికి తెచ్చింది నేనే. సముద్రం నేను చూసింది కూడా లేదు."

"మరి ఆ ముచ్చట్లన్నీ యాడివి?"

"విమానం కడుపు గీకినోణ్ణి, అంతే."

ఆమె చేట ఎత్తుకుని పోయింది.

మరుసటి వారం దిగుడుబావి దగ్గర, ఈత నేర్చుకునే పిల్లకాయల నడుమ నడివయసు జయరాముడూ నిలబడినాడు. హనుమమ్మ అతని నడుముకు బెండు కట్టి ముడి గట్టిగా లాగింది.

"దిగబ్బా. నీళ్ల మీద వాలే విమానం ఎట్లుంటాదో మేమూ చూస్తాము."

పిల్లకాయలు నవ్వినారు. జయరాముడు తల వంచుకునే మెట్టు దిగినాడు.