టూ-స్ట్రోక్ అన్న మాట

మా పాత లారీది టూ-స్ట్రోక్ డీజిల్ ఇంజన్. కిందటి వేసవిలో అది తన ఆయిల్‌ని తానే తాగేసి, తాళం తీసేసినా ఆగకుండా అరిచింది. గాలి లాక్కునే గొట్టానికి తడి గోనెసంచి అడ్డం పెడితేగాని ఆగలేదు. అప్పటినుంచి ఆయిల్ మార్చాలంటే నాకు ఒళ్ళు చల్లబడుతుంది.

మొన్న ఆయిల్ తెమ్మని బావమరిదిని గోల్‌బజార్ పంపాను. వాడు తెచ్చిన డబ్బాల మీద స్కూటర్ బొమ్మ!

"ఏట్రా ఇది?"

"టూ-స్ట్రోక్ అన్నావు కద బావా. దుకాణం బెంగాలీ దాదా ఇదే ఇచ్చినాడు."

అది స్కూటర్లకి పెట్రోల్లో కలిపి కాల్చేసే పల్చటి నూనె. మా ఇంజన్‌కి కావలసింది డీజిల్ ఇంజన్లకు పోసే చిక్కటి నలభై నంబరు.

"పోసీసినావేటి?" అన్నాను.

"లేదు బావా, మూతే తియ్యలేదు."

వాణ్ణి నాలుగు తిట్టి, నేనే వెళ్ళి నలభై నంబరు తెచ్చాను. తిరుగు ఆటో మా పేట మలంచా చేరేదాకా డబ్బా మీది అక్షరాలు మళ్ళీ మళ్ళీ చదువుతూనే ఉన్నాను. ఆయిల్ పోశాం. వాడు క్యాబిన్ ఎక్కాడు.

"సరైన నూనే పోసినాం కద బావా. మరి ఆ సంచెందుకు?"

నా చేతుల్లో గోనెసంచి నీళ్ళు కారుతోంది. ఎప్పుడు తడిపానో నాకే గుర్తులేదు.

"వాగుడాపి తాళం తిప్పు" అన్నాను.